పేరు ముందు రాసిన మాట

మట్టెవాడలో ప్రమీల కుట్టుమిషన్ దగ్గరికి వెళ్తే ఎంతటివాళ్లయినా ఉత్త పేరుతో తిరిగి రారు. పేరు ముందు ఇంకో మాట తగిలించుకునే రావాలి. ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకునే పద్మలతలు ముగ్గురు. ఒకామె నల్ల పద్మలత, ఒకామె పొడుగు పద్మలత, మూడో ఆమె పండ్ల పద్మలత. పండ్లంటే బుట్టలోవి కావు, నోట్లోవి. ప్యాంట్లు కురచ చేయించుకోవడానికి వచ్చే కొమురెల్లులు ఇద్దరు. ఒకాయన పొట్టి కొమురెల్లి, ఇంకొకాయన ఉత్త కొమురెల్లి. ఆ రెండో ఆయనలో వంక పెట్టడానికి ప్రమీల కంటికి ఏమీ దొరకలేదన్నమాట, అదృష్టవంతుడు.

ఎవరినో నొప్పించాలని చేసిన పని కాదిది. ఆమెదో కొలతల పుస్తకం. ఎర్రట్ట, పొడుగు కాగితాలు. పైన పేరు, కింద పొడవు, భుజం, ఛాతీ, నడుము, చెయ్యి. ఒకే పేరు నలుగురికి ఉంటే ఒకరి నడుము ఇంకొకరికి పోకుండా ఉండాలి కదా! ఇంటిపేర్లు అడిగి రాసుకునే తీరిక ఆమెకెక్కడిది? మనిషి గడపలోకి రాగానే కంటికి మొదట ఏది తగిలితే అది రాయించేది. ప్రమీల టేపు పట్టి కేకేస్తే, గడప దగ్గర కాజాలు కుట్టే ఆమె భర్త ఆనందరావు సూది పక్కన పెట్టి పుస్తకంలో ఎక్కించేవాడు. "నల్ల పద్మలత! నడుం ముప్పై నాలుగు!" అని ఆమె అరిస్తే ఎదురింటి కిరాణా దుకాణం దాకా వినబడేది. ముప్పై ఏళ్లుగా ఇదే పద్ధతి. ఎవరూ తప్పు పట్టలేదు. పట్టినా నవ్వేసి పోయారు.

ఈ పద్ధతి ఆమె సొంతమూ కాదు. పాలకుర్తిలో రాజక్క దగ్గర నేర్చుకున్నది. ప్రమీలకు పద్నాలుగేళ్లప్పుడు, ఎనిమిదో తరగతితో బడి ఆగిపోయాక, వాళ్ల నాన్న తీసుకుపోయి రాజక్క ముందర గదిలో కూర్చోబెట్టాడు. పది మంది ఆడపిల్లలు, మూడు మిషన్లు. మొదటిరోజే రాజక్క కొలతలు తీయడం ఎట్లాగో చూపిస్తూ ప్రమీలను నిలబెట్టి, చెయ్యి చుట్టూ టేపు తిప్పి, "ఏందే, గిది చెయ్యా, సెరుకు గడనా? రాయుండ్రి, బొక్కల ప్రమీల, చేతి సుట్టు ఆరు" అన్నది. బొక్కలంటే ఎముకలు. పది మందీ విరగబడి నవ్వారు. ప్రమీల కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడుపు బయటపడుతుందని నవ్వింది.

రాజక్క చెడ్డమనిషి కాదు. అది గట్టిగా చెప్పాలి. ప్రమీల పెళ్లికి తన పాత మిషన్‌ను నూనె పోసి, తోలు పట్టా మార్చి, ఎడ్లబండి మీద పంపిన మనిషి ఆమె. కానీ ఆ రోజు నుంచి ప్రమీల కుట్టుకున్న ప్రతి జాకెట్ చెయ్యీ మోచెయ్యి దాటింది. రోహిణి కార్తెలో వరంగల్ ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే కూడా ఆమె చేతులు గుడ్డలోనే ఉడికేవి. ఇప్పుడామెకు యాభై నాలుగేళ్లు. ఒళ్లు చేసింది, చేతులూ నిండుగానే ఉన్నాయి. అయినా గుడ్డ మాత్రం పైకి జరగలేదు. ఎందుకని ఆనందరావు ఎన్నడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

వెనక గల్లీలో బెన్నీ, స్నేహలత ఉంటారు. బెన్నీ బడి వ్యాను నడుపుతాడు. స్నేహలత మడికొండలో కొత్తగా వచ్చిన కంప్యూటర్ ఆఫీసుల్లో ఒకదానిలో పనిచేస్తుంది, పొద్దున తొమ్మిదికి పోతే ఇల్లు చేరేసరికి ఏడు. వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ ప్రసన్న, రెండో తరగతి. బడి విడవగానే బెన్నీ ఆ పిల్లను ప్రమీల మిషన్ దగ్గర దించి, మిగతా పిల్లలను దించడానికి పోయేవాడు. సొంత అమ్మమ్మ పోయిందేమో, ప్రసన్నకు ప్రమీలే అమ్మమ్మ.

ఆ పిల్ల గొంతు ఉన్నదే, అబ్బ! మిషన్ చప్పుడును మింగేసేది. చర్చిలో నేర్చిన పాటలు స్టూలెక్కి నిలబడి, పొట్ట నిండా గాలి పీల్చుకుని ఎత్తుకుంటే, ఆనందరావు కాజా సూది గుడ్డలో గుచ్చి, మోకాలి మీద డోలక్ వాయించేవాడు. ఆదివారాల్లో చర్చిలో నిజం డోలక్ వాయించేదీ ఆయనే. పాట అయిపోగానే ప్రమీల, బియ్యప్పిండిని గిన్నెకు తట్టి కాల్చిన సర్వపిండి పెట్టేది. గిన్నె అంచున కరకరలాడేలా కాలిన ముక్క ఆ పిల్లకే. అది ఎవరు ముట్టినా గల్లీలో యుద్ధమే.

ప్రసన్న చదివేది ఇంగ్లీషు మీడియం. తెలుగు అక్షరాలు వచ్చీ రానట్టుండేవి. "పాటల పుస్తకం చదువరాకుంటే పాటలేం పాడుతవే?" అని ప్రమీలే పలక కొనుక్కొచ్చి దిద్దించింది. గుణింతాలయ్యాయి. వత్తుల దగ్గర పిల్ల తడబడింది. డకు డవత్తు నేర్పడానికి ప్రమీల పలక మీద 'బిడ్డ' అని రాసి, "గిది ఎవరు?" అని అడిగింది. "నేనే!" అని అరిచింది ప్రసన్న. ఆ ఒక్క పూటలో ఆ వత్తు ఇక మరిచిపోకుండా పట్టుబడింది.

ప్రసన్న బొద్దుగా ఉండేది. మూడేళ్లప్పుడు బొద్దుగా, ముద్దుగా ఉందని చర్చి మెట్ల మీద కనబడిన ప్రతివాళ్లూ ఆ బుగ్గలు గిల్లారు. ఏడేళ్లు వచ్చేసరికి అవే బుగ్గలు, అదే పొట్ట. గిల్లిన చేతులే ఇప్పుడు వేలెత్తి చూపించాయి. "జర తగ్గాలె పిల్ల, ఇప్పటినుంచే సూస్కోవాలె" అని. పిల్ల మారలేదు, ఒక రోజెప్పుడో లెక్క మారింది. ఆ రోజు ఏదో పిల్లకెవరూ చెప్పలేదు.

ప్రమీలకు తర్వాత తర్వాత బాగా గుర్తొచ్చిన సంగతి ఒకటుంది. దసరా ముందు స్నేహలత కొలతకు ఆది జాకెట్ ఇవ్వడానికి వచ్చింది. కొట్లో నిలువుటద్దం ముందు నిలబడి, పక్కకు తిరిగి, పొట్ట లోపలికి బిగబట్టి, "సూడు పెద్దమ్మా, ఎట్ల దొడ్డుగైన్నో. పెండ్లినాటి జాకెట్ ఒక్కటి ఎక్కుతలేదు. థూ, నా మొకం నాకే సూడబుద్ధి అయితలేదు. రాత్రి బువ్వ బందువెట్టిన" అన్నది. ఆమె చేతిలో ఫోన్. అందులో ఎవరో సన్నటి అమ్మాయి, పది రోజుల్లో పొట్ట మాయమవుతుందని గంతులు వేస్తోంది. ప్రసన్న తల్లి చీర కుచ్చిళ్లు పట్టుకుని అద్దంలోకి చూస్తోంది. చూస్తూ చూస్తూ తనూ పక్కకు తిరిగింది. తనూ పొట్ట లోపలికి బిగబట్టింది.

"అగో, తల్లికి తగ్గ బిడ్డ!" అని ప్రమీల పకపకా నవ్వింది. నవ్వడానికే వాడింది ఆ పూట కళ్లను, చూడడానికి కాదు.

డిసెంబర్ వచ్చింది. క్రిస్మస్ కార్యక్రమంలో సండే స్కూల్ పిల్లలు పన్నెండు మంది దేవదూతలు కావాలి. తెల్ల శాటిన్ గౌన్లు, భుజాల దగ్గర రెక్కలు. ప్రతి ఏడూ కుట్టేది ప్రమీలే. ఆరాధన అయ్యాక ఆదివారం మధ్యాహ్నం పిల్లలంతా తల్లులతో సహా కొట్టు ముందు వరుస కట్టారు. ఆ పన్నెండు మందిలో ప్రసన్నలు ఇద్దరు. రెండో పిల్ల చర్చిలో గంట కొట్టే ఆయన మనవరాలు, గాలి వేస్తే ఎగిరిపోయేట్టుంటుంది.

"బక్క ప్రసన్న! నడుం ఇరవై!" అని కేకేసింది ప్రమీల. ఆనందరావు రాశాడు. తర్వాత మన ప్రసన్న వచ్చి చేతులు చాపి నిలబడింది. స్నేహలతకు ఆ ఆదివారం కూడా ఆఫీసు పడి తోడు రాలేదు.

"దొడ్డు ప్రసన్న! నడుం ఇరవై ఏడు!" అన్నది ప్రమీల. అక్కడితో ఆగినా బాగుండేది. మిగతా తల్లులంతా ఉన్నారు, పండుగ ఊపు, నోరు ఊరుకుంటుందా? "గీ దేవదూత లేవాలంటె రెండు జతల రెక్కలు కుట్టాలె!" అన్నది.

అందరూ నవ్వారు. తల్లులు నవ్వారు, పిల్లలు నవ్వారు. ప్రసన్న కూడా నవ్వింది.

ఆ నవ్వు ఎట్లాంటిదో ఈ భూమ్మీద ఎవరికైనా తెలియాలంటే ప్రమీలకు తెలియాలి. పాలకుర్తిలో పది మంది మధ్య నిలబడి సరిగ్గా ఆ నవ్వే నవ్విన మనిషి. ఏం లాభం? టేపు మెడలో వేసుకుని, "తర్వాత ఎవరే?" అన్నది.

కత్తిరించిన గుడ్డలు ఒకరివొకరితో కలిసిపోకుండా ప్రమీల ప్రతిదానికీ ఒక చీటీ రాసి గుండుసూదితో గుచ్చుతుంది. పుస్తకంలో ఉన్న పేరే చీటీ మీదకు ఎక్కుతుంది. బట్ట ఇచ్చేముందు చీటీ తీసేయాలి. ఎప్పుడూ తీసేది. ఆ గురువారం పన్నెండు గౌన్లు ఒక్కసారే ఇవ్వాల్సి వచ్చింది, ఇస్త్రీ ఒకవైపు, పిల్లల గోల ఒకవైపు. ప్రసన్న గౌను చీటీ మెడ లోపలివైపు ఉండిపోయింది. ఆ పిల్ల తెల్లగౌనును రెండు చేతుల మీద మోసుకుని, మట్టి తగలకుండా గల్లీ మధ్యలోంచి నడిచి ఇంటికి పోయింది.

శుక్రవారం ప్రసన్న కొట్టుకు రాలేదు. "హోంవర్కు ఉన్నదట" అన్నాడు బెన్నీ. శనివారం రాలేదు. సోమవారం వచ్చింది. స్టూలెక్కలేదు, పాడలేదు. ప్రమీల సర్వపిండి అంచు ముక్క విరిచి ఇస్తే, "ఆకలైతలేదు అమ్మమ్మా" అన్నది.

"నీకు ఆకలైతలేదా? సూర్యుడు పడమట లేసిండా ఇయ్యాల?" అని ప్రమీల వేళాకోళమాడింది. పిల్ల ఆ ముక్కను చేతిలోనే పెట్టుకుని కూర్చుని, వాళ్ల నాన్న వచ్చాక బయటికి పోతూ కుక్కకు వేసింది. ఆనందరావు చూశాడు. "పిల్లకు పానం మంచిగ లేనట్టున్నది" అన్నాడు. "కడుపుల పురుగులుంటయి. మందు ఏయించమని స్నేహకు చెప్పాలె" అన్నది ప్రమీల, మిషన్ తొక్కుతూనే. ఆ వారమంతా చెప్పాలె చెప్పాలె అనుకుంటూనే గడిచిపోయింది.

పండుగకు నాలుగు రోజుల ముందు, ఆదివారం సాయంత్రం చర్చిలో గౌన్లు వేసుకుని రిహార్సల్. ప్రమీల గుండుసూదులు, సూదీదారం, కత్తెర పట్టుకుని ముందు బెంచీలో కూర్చుంది. ఆనందరావు డోలక్ మీద దరువు ఎత్తుకున్నాడు. మధ్యలో నిలబడి పాట మొదలుపెట్టాల్సింది ప్రసన్న. నోరు తెరిచింది. మొదటి మాట వచ్చింది, రెండో మాటకు గొంతు పీలికలైంది, మూడో మాట రాలేదు. ఆ పిల్ల ఉన్నచోటే కుప్పకూలింది.

ప్రమీల ఎట్లా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. పిల్లను ఒళ్లో వేసుకుని, ఊపిరాడాలని గౌను వెనక హుక్కులు విప్పింది. లోపల షమీజు పైన, నడుముకు ఒక గుడ్డ పీలిక కట్టి ఉంది. తెల్ల శాటిన్ అంచు. ఆమె కత్తెరకు తెగి కొట్లో కిందపడిన పీలికే. ఎంత బిగించి కట్టిందంటే ముడి విప్పడానికి వేళ్లు దూరలేదు. కత్తెరతో తెంపితే, చిన్న పొట్ట మీద ఎర్రగా వాత తేలింది. పీలిక మీద నీలం పెన్నుతో గీతలున్నాయి, బడి స్కేలు పెట్టి గీసినవి. ఒక గీత దగ్గర ఇరవై అని వేసి ఉంది.

ఇరవై బక్క ప్రసన్న నడుము. తన నోటితో, గల్లీ అంతా వినేట్టు, తానే కేకేసిన అంకె.

స్నేహలత బిడ్డ మొహం మీద నీళ్లు చల్లుతోంది. పిల్ల కళ్లు తెరిచింది. బెన్నీ వ్యాను తేవడానికి పరుగెత్తాడు. గౌను తడిసిందని, మార్చడానికి గుడ్డలు తీద్దామని స్నేహలత పిల్ల సంచీ బోర్లించింది. గుడ్డలతో పాటు నాలుగు మడతలు పెట్టిన చిన్న కాగితం పడింది. స్నేహలత విప్పి చదివింది. ఇంకోసారి చదివింది.

"దొడ్డు ప్రసన్న అని రాసిన్రు. ఎవరు రాసిన్రు గిది?" అన్నది. "బడిల పిల్లగాండ్లా? ఎవరే బిడ్డా?"

ప్రసన్న తల తిప్పేసుకుంది. ఆ పిల్ల చెప్పదు. ప్రమీల ఊరుకుంటే ఆ తప్పు బడిపిల్లల మీదకే పోయేది. చుట్టూ చర్చి మొత్తం ఉంది, ఆనాడు నవ్విన తల్లులున్నారు, వాళ్లలో ఒక్కరూ చెప్పరు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. చెయ్యి జారి రాసింది అంతకంటే పాడు, అది కాగితం మీద అట్లాగే నిలిచి ఉంటుంది.

"నేనే బిడ్డా" అన్నది ప్రమీల. "గది నా రాత. గౌనుకు గుచ్చిన చీటీ. తీసుడు మర్సిన."

స్నేహలత ఆమెను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. "మీరా పెద్దమ్మా? దానికి అక్షరాలు నేర్పిన చేతులేనా ఇవి? ఇన్ని రోజులు మీ మీద ఇడిసిపెట్టి పోయిన గదా నా బిడ్డను!"

"మమ్మీ, అమ్మమ్మను అనకు" అన్నది ప్రసన్న. గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. తెలిసిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "నేను దొడ్డుగనే ఉన్న గదా. నువ్వు సుత దొడ్డుగున్ననని అద్దంల సూస్కుంట థూ అంటవు. బువ్వ తినవు. నేను సుత తింటలేను."

స్నేహలత బిడ్డ తల ఒళ్లోకి లాక్కుని అట్లాగే కూర్చుండిపోయింది. అప్పుడు ప్రసన్న ప్రమీల వైపు తిరిగి, ఇంకో మాట అన్నది. బతికినన్నాళ్లూ ప్రమీలను వదలని మాట అది.

"నేనొక్కదాన్నే సదివిన అమ్మమ్మా. ఒక్క తప్పు లేకుంట సదివిన. డ కింద వత్తు సుత."

దవాఖానలో డాక్టరమ్మ చూసి, వారం రోజులుగా ఈ పిల్ల సగం తిండి కూడా తినలేదన్నది. గ్లూకోజు పెట్టి, రాత్రికల్లా ఇంటికి పంపింది. "పిల్ల ఆరోగ్యంగ ఉన్నది. పెరిగే వయసు. గీ ఒంటికి ఏం రోగం లేదు, మీ మాటలే జర తగ్గియ్యుండ్రి" అని పెద్దవాళ్లను నిలబెట్టి చీవాట్లు పెట్టింది. ప్రమీల వసారాలో బెంచీ మీద కూర్చుని అంతా విన్నది. లోపలికి పోవడానికి మొహం చెల్లలేదు.

మర్నాడు పొద్దున ఆమె మిషన్ మీద కప్పిన గుడ్డ తీయలేదు. పండుగ ముందర, కుట్టు గుడ్డలు గుట్టలుగా పడి ఉంటే, ఎర్రట్ట పుస్తకం ముందేసుకుని కూర్చుంది. పక్కన కొత్త పుస్తకం పెట్టుకుంది. పాతదాంట్లోని పేర్లన్నీ, ముందరి మాటలు తీసేసి, కొత్తదాంట్లోకి ఎక్కించాలని. మొదటి పేజీలోనే చెయ్యి ఆగిపోయింది. పద్మలత, పద్మలత, పద్మలత. నలుపు తీసేస్తే ఆ మనిషి ఎవరు? ఎవరి బిడ్డ? ఏం పని చేస్తుంది? ఇరవై ఏళ్లుగా ఆమెకు జాకెట్లు కుడుతున్నా ప్రమీలకు తెలియదు. పొట్టి కొమురెల్లి పొట్టి అని తప్ప ఆయన గురించి ఇంకొక్క ముక్క తెలియదు.

"గాయన పూలమార్కెట్ల దండలు అల్లుతడు" అన్నాడు ఆనందరావు కాజా కుడుతూ. "మంచిగ అల్లుతడు. మన లగ్నంనాడు దండలు ఆయనయే."

ప్రమీల పెన్ను పక్కన పెట్టేసింది. ముప్పై మూడేళ్ల కాపురంలో మొదటిసారి మొగుడికి చెప్పింది, రాజక్క గది, పది మంది పిల్లలు, బొక్కల ప్రమీల, చేతి చుట్టు ఆరు. చెప్తుంటే పద్నాలుగేళ్ల పిల్లకు వచ్చినట్టే ఏడుపు వచ్చింది. "నన్ను అన్న మాట నలభై ఏండ్లు మోసిన. మోసుకుంట మోసుకుంట అందరికి అదే పంచిన. సిగ్గులేని ముండను" అని తలబాదుకుంది. ఆనందరావు ఆమె చెయ్యి పట్టి ఆపాడు. "నేను సలికి అనుకున్న" అన్నాడు మెల్లగా. "నీకు సలి ఎక్కువేమో, గందుకే పొడుగు చేతులు అనుకున్న." పాపం, రోహిణి కార్తెలో కూడా చలే అనుకున్నాడు ఆయన.

సాయంత్రం సర్వపిండి కాల్చి, గిన్నెతో సహా పట్టుకుని వెనక గల్లీకి పోయింది. తలుపు తీసింది స్నేహలతే. పొమ్మనలేదు, పక్కకు జరిగింది. ప్రసన్న మంచం మీద కూర్చుని ఉంది. ప్రమీల కింద కూర్చుని, జాకెట్ చెయ్యి భుజం దాకా పైకి మడిచింది. ఎండ తగలని ఆ చెయ్యి తెల్లగా, ఎవరిదో చెయ్యిలా ఉంది.

"నీ అంత చిన్నప్పుడు కాదు గని, పద్నాలుగేండ్లప్పుడు నన్ను బొక్కల ప్రమీల అన్నరు బిడ్డా. పది మందిల అన్నరు."

ప్రసన్న చాలాసేపు ఆ చెయ్యి చూసింది. "నవ్విన్రా?"

"నవ్విన్రు."

"నువ్వు?"

"నేను సుత నవ్విన."

"నేను సుత" అన్నది ప్రసన్న. అని, మంచం దిగి వచ్చి ఆ చెయ్యిని ఒక్క వేలితో ముట్టుకుంది.

"నాది తప్పు బిడ్డా. నీ ఒంట్ల ఏ తప్పు లేదు, నా నోట్లె ఉన్నది. నన్ను మాఫ్ చెయ్యి" అన్నది ప్రమీల. ఏడేళ్ల పిల్ల మాఫ్ చేయడమంటే ఏమిటి? తలూపింది. అంచు ముక్కలో ఒక బుక్క తిన్నది. రెండో బుక్కకు ముందు తల్లి వైపు చూసింది. స్నేహలత గిన్నె దగ్గరికి వచ్చి, ఇంకో ముక్క విరుచుకుని, బిడ్డ చూస్తుండగా తిన్నది. ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి.

ఇక్కడితో అన్నీ సర్దుకున్నాయని చెప్తే మీరూ నమ్ముతారు, ప్రమీలకూ హాయిగా ఉండేది. కాలేదు. క్రిస్మస్ నాడు ప్రసన్న తెల్లగౌను వేసుకుంది, మధ్యలోనే నిలబడింది, పాట తప్పు పోకుండా పాడింది. వచ్చినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. డోలక్ వాయించే ఆనందరావుకు, ముందు బెంచీలో ఉన్న ప్రమీలకు మాత్రం తెలిసింది. ఆ పిల్ల పొట్ట బిగబట్టి పాడుతోంది. స్టూలెక్కి గల్లీని లేపిన ఊపిరి అందులో లేదు. చరణం చివర్లు తెగిపోతుంటే ఆనందరావు దరువు గట్టిగా వేసి వాటిని కప్పాడు. ప్రమీల కొంగు నోట్లో కుక్కుకుంది.

జనవరి పోయింది, ఎండలొచ్చాయి. ప్రమీల మళ్లీ మిషన్ తొక్కింది, తొక్కకపోతే గడవదు. కానీ కేకలు పోయాయి. కొలతలు తీసే మూలకు ఒక తెర కట్టింది. అంకె తానే మెల్లగా రాసుకునేది. కొత్త పుస్తకంలో పేరు రాసే ముందు, "మీరేం పని చేస్తరు? ఎవరి బిడ్డలు?" అని అడిగేది. "ఏందమ్మో, కొలతలు తీస్తున్నవా, సంబంధం సూస్తున్నవా?" అని పండ్ల పద్మలత ఆటపట్టించింది. ఆమె అంగన్‌వాడీలో ఆయమ్మ అట, అదీ అప్పుడే తెలిసింది. వేసవిలో ప్రమీల తనకు రెండు జాకెట్లు పొట్టిచేతులవి కుట్టుకుంది. ఒకటే వేసుకుంది, అదీ ఇంట్లోనే.

జూన్‌లో బడులు తెరిచే ముందు స్నేహలత బిడ్డను తీసుకుని వచ్చింది, మూడో తరగతి యూనిఫాం కోసం. అద్దం ముందునుంచే నడిచినా స్నేహలత అందులోకి చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడిందో ఆమె మెడ చూస్తే తెలిసింది. ప్రమీల తెర లాగింది. పిల్ల చేతులు చాపింది. టేపు నడుము దగ్గరికి రాకముందే పొట్ట లోపలికి పోయింది, పెదవులు బిగుసుకున్నాయి.

ప్రమీల టేపు బిగించలేదు. వదులుగా పట్టుకుని కూర్చుంది. "ఊపిరి ఇడువు బిడ్డా. నాకేం తొందర లేదు."

ప్రసన్న కళ్లు మూసుకుంది. బయట ఆటోలు పోతున్నాయి, ఆనందరావు కాజా సూది డబ్బాలో వెతుక్కుంటున్నాడు. చివరికి గుప్పుమని ఊపిరి వదిలింది, టేపు కింద పొట్ట దాని చోటికి అది వచ్చింది. ప్రమీల అంకె చూసింది, రాసుకుంది, ఏమీ అనలేదు. మెచ్చుకోలు కూడా అనలేదు. ఆ ఒంటి గురించి ఇక ఏ మాటా తన నోట రావద్దని ఒట్టు పెట్టుకుంది.

వారానికి యూనిఫాం తయారైంది. ఈసారి ప్రమీల చీటీ తీయలేదు, కావాలనే ఉంచింది. యూనిఫాం మెడ లోపలివైపు, అప్పుడు గౌనుకు గుచ్చినచోటే గుచ్చింది. ప్రసన్న బట్ట విప్పి, చీటీ చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత గుండుసూది తీసి, కాగితాన్ని మొహం దగ్గర పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"ప్రసన్న. బెన్నీ, స్నేహలతల బిడ్డ."

ఒక్క తప్పు లేకుండా చదివింది. ప్రమీల ఊపిరి పీల్చుకుంది. పిల్ల నవ్వుతుందేమోనని చూసింది. నవ్వలేదు. చీటీని మెల్లగా తిప్పి వెనకవైపు చూసింది.

"వెనక ఏం రాయలేదా అమ్మమ్మా?"

"లేదు బిడ్డా. ఏం రాయలేదు."

సరేనని తలూపింది ప్రసన్న. గడప దాటి వెలుగులోకి పోయాక, ఆగి, ఇంకోసారి తిప్పి చూసుకుంది.